వసీయతు, వారసత్వం, న్యాయస్థానం
నెల్లూరు తీరంలో ప్రొబేటు లేని ఆస్తి బదిలీ: ఒక చారిత్రక పరిశీలన

కర్ణాటక నవాబు ఉమ్దతుల్ ఉమరా 1801 జూలై 15వ తేదీన మద్రాసులోని చేపాక్ భవనంలో కన్నుమూశాడు. తన కుమారుడు అలీ హుస్సేన్‌ను వారసుడిగా పేర్కొంటూ, అతనికి అండగా ఇద్దరు పెద్దలను నియమిస్తూ ఆయన ఒక వసీయతునామా వ్రాసి ఉంచాడు. ఈస్టిండియా కంపెనీ తరపున వచ్చిన వెబ్, కర్నల్ క్లోజ్ అనే అధికారులకు ఆ పత్రాన్ని చూపించారు. అయినా కంపెనీ దానిని లెక్కచేయలేదు. టిప్పు సుల్తాన్ పతనానంతరం శ్రీరంగపట్నంలో దొరికిన ఉత్తరాలను సాకుగా చూపి, నవాబులు తమతో చేసుకున్న ఒప్పందాలను తామే భంగపరచుకున్నారని వాదించింది. కంపెనీ షరతులకు అలీ హుస్సేన్ ఒప్పుకోలేదు. అప్పుడు అతని పినతండ్రి కుమారుడైన అజీముద్దౌలాను నవాబుగా గుర్తించి, జూలై 31న ఒడంబడిక కుదుర్చుకున్నారు. నికర ఆదాయంలో ఐదవ వంతు నవాబుకు మిగిలింది. పరిపాలన యావత్తూ కంపెనీ చేతికి పోయింది. పులికాట్ సరస్సు మొదలు ఒంగోలు దాకా వ్యాపించిన నాటి నెల్లూరు సీమ కూడా అలాగే కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది.

ఈ వసీయతును ఏ ఖాజీ గానీ, ఏ న్యాయస్థానం గానీ షరీఅత్ దృష్టితో పరిశీలించలేదు. పరిశీలించి ఉంటే ఒక మౌలికమైన ప్రశ్న ముందుకు వచ్చేది. రాజ్యాధికారం మరణించిన వ్యక్తి తర్కాలో, అంటే అతడు విడిచిపోయిన సొంత ఆస్తిలో, భాగమవుతుందా? అధికారం ఒక అమానతు. దానిని ఇల్లూ పొలమూ వలె వసీయతు ద్వారా పంచడానికి వీలులేదు. అయితే కంపెనీ వారు ఈ ధర్మసూక్ష్మాన్ని ఆలోచించి ఆ పత్రాన్ని త్రోసిపుచ్చలేదు. బలం వారిది కనుక త్రోసిపుచ్చారు.

నవాబు వసీయతు ఇలా చెల్లకుండా పోగా, అదే తీరంలో సామాన్య ముస్లిముల వసీయతులు మాత్రం కోర్టు ముద్ర అవసరం లేకుండానే చెల్లుబాటవుతూ వచ్చాయి. రెండు శతాబ్దాలకు పైగా సాగిన ఈ వెసులుబాటు ఎక్కడి నుంచి వచ్చింది, అది ఎవరికి మేలు చేసింది, ఎవరికి కీడు చేయగలదు అన్నది పరిశీలించదగిన విషయం.

ఆస్తి ఎప్పుడు సంక్రమిస్తుంది?

దివ్యఖుర్ఆన్‌లోని 'అన్నిసా' సూరా 11, 12 ఆయతులలో వారసుల వాటాలు నిర్ణయమయ్యాయి. ఆ పంపకం వసీయతు, అప్పు తీరిన తర్వాతనే జరగాలని అక్కడే మళ్ళీ మళ్ళీ చెప్పబడింది. దీనిని బట్టి ఫిఖహ్ పండితులు ఒక క్రమాన్ని ఏర్పరచారు. మొదట కఫన్ దఫన్ ఖర్చులు, పిదప అప్పులు, ఆ తర్వాత మిగిలిన దానిలో మూడవ వంతుకు మించకుండా వసీయతు, చివరికి వారసుల వాటాలు. భార్యకు చెల్లించవలసిన మహర్ బాకీ కూడా అప్పుల లెక్కలోనే వస్తుంది.

మూడవ వంతు అనే హద్దుకు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గారి ఉదంతం ఆధారం. జబ్బుపడిన స్థితిలో ఆయన తన ఆస్తి మొత్తం దానం చేయాలనుకున్నారు. దైవప్రవక్త (స) అంగీకరించక, చివరికి మూడవ వంతుకు అనుమతిస్తూ, అది కూడా ఎక్కువేనన్నారు. వారసులను ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో విడిచిపోవడం కంటే కలిగినవారుగా విడిచిపోవడం మేలని బోధించారు. వారసునికి వసీయతు లేదన్నది మరొక ప్రసిద్ధ సూత్రం. మిగిలిన వారసులు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప అది చెల్లదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ ఒప్పుకోలు వసీయతు చేసిన వ్యక్తి మరణించిన తర్వాత ఇచ్చినదై ఉండాలి. బ్రతికి ఉండగా తండ్రి మొగం చూసి ఒప్పుకున్నది లెక్కలోకి రాదు.

ఈ వ్యవస్థలో వారసుని హక్కు మరణ క్షణంలోనే పుడుతుంది. ఏ అధికారీ ఆ హక్కును ప్రసాదించడు. అలహాబాదు హైకోర్టు ఫుల్ బెంచి 1885లో ఈ సంగతిని స్పష్టం చేసింది. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ సయ్యద్ మహమూద్, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి కుమారుడు. అరబ్బీ మూలగ్రంథాలను స్వయంగా చదివి తీర్పులు వ్రాయగలిగిన న్యాయమూర్తి. అప్పులు ఉన్నంత మాత్రాన వారసత్వం ఆగిపోదనీ, ఆస్తి వెంటనే వాటాల ప్రకారం వారసులకు చేరుతుందనీ, కాగా ప్రతి వారసుడూ తన వాటా మేరకు అప్పుకు బాధ్యుడవుతాడనీ ఆ తీర్పు సారాంశం.

ప్రొబేటు పుట్టుక

ఇంగ్లండులో పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉండేది. అక్కడ చరాస్తులకు సంబంధించిన వీలునామాలను పరిశీలించి ధ్రువపరచే అధికారం శతాబ్దాల పాటు చర్చి న్యాయస్థానాల చేతిలో ఉంది. 1857లో చేసిన చట్టంతోనే ఆ అధికారం చర్చి నుండి ప్రత్యేక ప్రభుత్వ న్యాయస్థానానికి మారింది. చనిపోయిన వ్యక్తి ఆస్తి మొదట కార్యనిర్వాహకుని చేతికి వస్తుంది. అతడు కోర్టు నుండి ప్రొబేటు పుచ్చుకొని, లెక్కలు చూపి, అప్పులు తీర్చి, మిగిలినది హక్కుదారులకు అప్పగిస్తాడు. ఆంగ్లేయులు తమతో పాటు ఈ పద్ధతిని మద్రాసుకు కూడా తెచ్చారు. 1726లో ఏర్పడిన మేయర్ కోర్టుకు ప్రొబేటు ఇచ్చే అధికారం ఉండేది. అయితే అది కోట పరిసరాలకు, ముఖ్యంగా యూరోపియనులకు పరిమితమైన వ్యవహారం.

కోట వెలుపలి ప్రజల మీద ఈ పద్ధతిని రుద్దడానికి కంపెనీ పాలకులు మొదట సాహసించలేదు. బెంగాలులో 1799 నాటి 5వ రెగ్యులేషన్ హిందువు గానీ ముస్లిము గానీ నియమించిన కార్యనిర్వాహకుడు ఏ జడ్జికీ దరఖాస్తు పెట్టకుండానే ఆస్తిని స్వాధీనపరచుకోవచ్చునని చెప్పింది. మద్రాసులో 1802 నాటి 3వ రెగ్యులేషన్ వారసత్వ వివాదాలలో ముస్లిములకు ముస్లిం ధర్మశాస్త్రమే వర్తిస్తుందని శాసించింది. అప్పుడే కంపెనీ ఏలుబడిలోకి వచ్చిన నెల్లూరు సీమకు ఆ సూత్రమే వర్తించింది. 1864లో కోర్టులలోని ముఫ్తీల పదవులు రద్దయినప్పటికీ, 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం అదే సూత్రాన్ని నిలబెట్టింది.

ఆ తర్వాత వచ్చిన చట్టాలలోనూ ఈ భేదం కొనసాగింది. 1870 నాటి హిందూ విల్స్ చట్టం బెంగాలులోను, మద్రాసు, బొంబాయి నగరాలలోను హిందువుల వీలునామాలకు ప్రొబేటును తప్పనిసరి చేసింది. ముస్లిముల వసీయతులను ముట్టుకోలేదు. 1881 నాటి ప్రొబేటు చట్టం ముస్లిములకు కూడా వర్తించినా, కావాలనుకున్నవారు ప్రొబేటు పొందవచ్చునన్న మేరకే వర్తించింది. ముస్లిము నియమించిన కార్యనిర్వాహకుడు ప్రొబేటు తీసుకొని తీరాలనే నిర్బంధం లేదని బొంబాయి హైకోర్టు 1884లో తేల్చింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 213వ సెక్షన్‌లో ముస్లిముల వసీయతులకు మినహాయింపును వ్రాతపూర్వకంగానే పొందుపరచింది.

ఇక్కడ నెల్లూరు వారికి సంబంధించిన ఒక విశేషం ఉన్నది. ప్రొబేటు నిర్బంధం మద్రాసు హైకోర్టు ఒరిజినల్ అధికార పరిధికి, అంటే నగరానికి మాత్రమే చెందినది. కనుక నగరానికి వెలుపల ఉన్న నెల్లూరులో హిందువులకు కూడా, తమ ఊరిలో వ్రాసిన వీలునామా తమ ఊరి ఆస్తికే సంబంధించినదైతే, ఆ బెడద లేదు. కానీ మద్రాసు మార్కెట్ మీద ఆధారపడిన నెల్లూరు వర్తకులు చాలామందికి నగరంలో ఇల్లో, గిడ్డంగో, దుకాణమో ఉండేది. అటువంటి ఆస్తి వీలునామాలో చేరితే హిందూ వర్తకుని కుటుంబం ప్రొబేటుకు వెళ్ళవలసి వచ్చేది. ముస్లిం వర్తకుని కుటుంబానికి, ఆస్తి నెల్లూరులో ఉన్నా నగరంలో ఉన్నా, ఆ అవసరం ఉండేది కాదు.

'వసీ' అనే పదానికి వచ్చిన చిక్కు

పాలకులు ముస్లిం ధర్మశాస్త్రాన్ని అమలు జరపడానికి అనువాదాల మీద ఆధారపడ్డారు. హనఫీ ఫిఖహ్‌లో ప్రామాణికమైన 'అల్ హిదాయా'ను చార్లెస్ హామిల్టన్ 1791లో ఆంగ్లంలో ప్రకటించాడు. అది అరబ్బీ మూలం నుండి గాక పారశీ అనువాదం నుండి చేసిన అనువాదం. వారసత్వ గణనకు సంబంధించిన 'సిరాజియ్యా'ను విలియం జోన్స్ 1792లో వెలువరించాడు. ఇలాంటి గ్రంథాల ద్వారా 'వసీ' అనే మాట 'ఎగ్జిక్యూటర్'గా మారింది.

ఈ రెండు మాటలూ ఒకటి కావు. ఆంగ్ల న్యాయంలో ఎగ్జిక్యూటర్ కొంతకాలం ఆస్తికి యజమాని స్థానంలో నిలుస్తాడు. వసీ యజమాని కాడు. మరణించిన వ్యక్తి నమ్మి అప్పగించిన అమానతుకు కాపలాదారు. 1881 నాటి చట్టం ఎగ్జిక్యూటర్‌కు ఆస్తి దఖలు పడుతుందని చెప్పడంతో, వసీకి కూడా చట్టం దృష్టిలో కొత్త హోదా లభించింది. ఈ చిక్కును ప్రీవీ కౌన్సిల్ 1905లో కొంతవరకు విడదీసింది. వసీయతుకు చెందిన మూడవ వంతు విషయంలో అతడు కర్తవ్యం గల ట్రస్టీ అనీ, మిగిలిన రెండు వంతుల విషయంలో వారసుల తరపున పేరుకు మాత్రమే ట్రస్టీ అనీ ఆ తీర్పు భావం. అంటే, ఆస్తి తన చేతిలో ఉన్నంత మాత్రాన ఆ రెండు వంతుల మీద వసీకి ఏ హక్కూ ఏర్పడదు.

పట్టా మార్పు, వాటా హక్కు

నెల్లూరు తీరంలోని ముస్లిం సమాజం ఒకే మూసలో పోసినది కాదు. పట్టణాలలో దక్ఖినీ ఉర్దూ మాట్లాడేవారు, పల్లెలలో తెలుగే మాతృభాషగా గల దూదేకులవారు, పులికాట్ వైపు తమిళం మాట్లాడే లబ్బైలు, మరక్కాయర్లు ఉన్నారు. హనఫీలూ షాఫియీలూ ఉన్నారు. పెన్నా కాలువల కింది మాగాణి, అంకణాల లెక్కన కొలిచే ఇంటి స్థలం, దుకాణం, పడవ, వ్యాపారంలో రావలసిన బాకీలు: ఇలా ఆస్తి కూడా పలు రూపాలలో ఉండేది. ఒక్కొక్క రూపానికి బదిలీ మార్గం ఒక్కొక్కటి.

రైత్వారీ భూమి విషయంలో తండ్రి చనిపోతే పట్టా పేరు మార్పించుకోవాలి. కరణం తన లెక్కలలో, అంటే అడంగలులోను, పదో నెంబరు ఖాతాలోను పేరు మారుస్తాడు. రెవెన్యూ అధికారి ఉత్తర్వు ఉంటే చాలు. సివిల్ కోర్టు ప్రసక్తి లేదు. 1971లో ఆంధ్రప్రదేశ్ భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం వచ్చింది. వారసత్వం ద్వారా గానీ మరో విధంగా గానీ హక్కు పొందినవారు 90 రోజులలో తెలియజేయాలనీ, అధికారి నోటీసు ఇచ్చి విచారించి పేరు మార్చాలనీ అది నిర్దేశించింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది; మరుసటి సంవత్సరం మండలాలు ఏర్పడ్డాయి. లెక్కలు వ్రాసే చేతులు మారినా ప్రొబేటు లేకుండానే పేరు మార్చే పద్ధతి మారలేదు.

రావలసిన బాకీల సంగతి వేరు. చనిపోయిన వ్యక్తికి ఇతరులు ఇవ్వవలసిన డబ్బు కోసం దావా వేసి డిక్రీ పొందాలంటే ప్రొబేటో, సక్సెషన్ సర్టిఫికెటో చూపాలని 1889 చట్టం నియమం పెట్టింది. 1925 చట్టం 214వ సెక్షన్ దానిని కొనసాగించింది. బాకీదారుడు ఒకరికి చెల్లించిన తర్వాత మరొకరు వచ్చి అడగకుండా కాపాడడమే దీని ఉద్దేశం. కనుక ముస్లిములకు కోర్టుతో పనే లేదనుకోవడం పొరపాటు. ఇల్లు, పొలం వంటి వాటికి ప్రొబేటు అక్కరలేదన్నదే నిజం.

ఇక మసీదు ఖతీబుకో, ఖాజీకో సేవ నిమిత్తం ఇచ్చిన ఇనాం భూములను వసీయతులో చేర్చడానికి వీలులేదు. 1858 నుండి పనిచేసిన ఇనాం కమిషన్ సేవా ఇనాములను వ్యక్తిగత ఇనాముల నుండి వేరు చేసింది. సేవ కోసం ఇచ్చిన భూమి ఆ సేవకు చెందుతుంది గానీ, సేవకుని తర్కాలో భాగం కాదు. వక్ఫు భూమి కూడా అంతే. రాజ్యం విషయంలో చెప్పుకున్న సూత్రమే ఒక చిన్న మసీదు ఇనాంకు కూడా వర్తిస్తుందన్నమాట.

షరీఅత్ వర్తింపు చట్టం 1937లో వచ్చినప్పుడు వ్యవసాయ భూములను అందులో నుండి మినహాయించారు. మద్రాసు శాసనసభ 1949లో 18వ చట్టం చేసి ఆ మినహాయింపును తొలగించింది. అప్పటికి నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది 1953 అక్టోబరు 1న. కనుక నెల్లూరు ముస్లిం రైతు మాగాణిలో కూతురి వాటా ఇంటి స్థలంలోని వాటా వలెనే షరీఅత్ ప్రకారం నిర్ణయమవుతుంది. 1937 చట్టం మాత్రమే వర్తించే ప్రాంతాలలో పొలం విషయంలో ఇంత స్పష్టత లేదు.

ఒక ఉదాహరణ

విషయం స్పష్టపడడానికి ఒక ఊహాజనితమైన లెక్కను పరిశీలించవచ్చు. కఫన్ దఫన్ ఖర్చులు పోను ఒక వ్యక్తి తర్కా విలువ 1,06,000 రూపాయలు అనుకుందాం. అప్పులు, మహర్ బాకీ కలిసి 10,000. మిగిలినది 96,000. అతనికి భార్య, ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉన్నారు. మరొక కుమారుడు తండ్రి కంటే ముందే చనిపోగా అతని బిడ్డ అనాథగా మిగిలాడు. కుమారులు బ్రతికి ఉండగా ఆ మనుమడికి వారసత్వంలో వాటా రాదు. తాత అతని పేర వసీయతు చేసి ఉంటే మూడవ వంతు, అంటే 32,000 వరకు ఇవ్వవచ్చు. మిగిలిన 64,000లో భార్యకు ఎనిమిదవ వంతు 8,000. తక్కిన 56,000 ఏడు భాగాలు కాగా ఒక్కొక్క కుమారునికి 16,000, ఒక్కొక్క కుమార్తెకు 8,000 వస్తుంది.

ఈ లెక్కలో అందరికంటే బలహీనుడు మనుమడు. ఈజిప్టు 1946లో తప్పనిసరి వసీయతు అనే నియమం ద్వారా ఇటువంటి మనుమలకు రక్షణ కల్పించింది. పాకిస్తాన్ 1961లో మరొక మార్గంలో ఈ పని చేసింది. భారతదేశంలో అటువంటి నియమం లేదు. ఇక్కడ ఆ బిడ్డకు తాత చేసే వసీయతు ఒక్కటే ఆధారం. తాత జీవించి ఉండగా నిర్లక్ష్యం చేస్తే ఆ బిడ్డకు చట్టరీత్యా అడిగే దారి లేదు.

వసీయతు చేసినా మరొక ప్రమాదం ఉన్నది. ముస్లిము చేసే వసీయతు నోటిమాటగా ఉన్నా చెల్లుతుంది. సాక్షుల సంతకాలు ఉండితీరాలన్న నిబంధన లేదు. మరణానికి ముందు వ్రాసిన ఒక ఉత్తరాన్ని ప్రీవీ కౌన్సిల్ 1898లో వసీయతుగా అంగీకరించింది. కానీ చెల్లడం వేరు, రుజువు కావడం వేరు. ఇరవై ఏళ్ళ తర్వాత మనుమడు పెరిగి పెద్దవాడై అడిగేనాటికి విన్నవారు ఉండకపోవచ్చు. ఉన్నా బాబాయిల ముందు నోరు విప్పకపోవచ్చు. ప్రొబేటు తీసుకున్న వీలునామాకు కోర్టు రికార్డు రక్షణగా నిలుస్తుంది. ప్రొబేటు లేని వసీయతుకు ఆ రక్షణను కుటుంబమే ముందుగా కల్పించుకోవాలి. వసీయతు సమయంలో ఇద్దరు న్యాయవంతులైన సాక్షులు ఉండాలని 'అల్ మాయిదా' 106వ ఆయతు ఆదేశిస్తున్నది. వసీయతు చేయదగిన ఆస్తి గల ముస్లిము దానిని వ్రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదన్న హదీసు ఉన్నది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వసీయతు రిజిస్ట్రేషన్‌ను నిర్బంధం చేయలేదు గానీ, కోరినవారికి అవకాశం ఇచ్చింది. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచుకొనే వీలు కూడా కల్పించింది. వ్రాత, సాక్ష్యం, రిజిస్ట్రేషను అనే ఈ మూడూ కలిస్తే ప్రొబేటు లేని లోటు చాలవరకు తీరుతుంది.

లెక్కలు అడిగేవారు లేనప్పుడు

చేపాక్ కుటుంబ చరిత్రలోని మరొక ఘట్టం ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. చివరి నవాబు గులాం గౌస్ ఖాన్ 1855లో సంతానం లేకుండా మరణించాడు. కంపెనీ నవాబు బిరుదును రద్దు చేసింది. ఆయన అప్పుల భారం ఎంతటిదంటే, ఆస్తి నిర్వహణకూ అప్పుల చెల్లింపుకూ 1858లో ప్రత్యేకంగా 30వ చట్టం చేయవలసి వచ్చింది. అప్పులవాళ్ళు మూగిన పెద్ద ఆస్తికి పూర్తి స్థాయి కోర్టు నిర్వహణ ఎందుకు అవసరమో దీనిని బట్టి తెలుస్తుంది. అందరి లెక్కలూ ఒక చోట తేలాలి; ఒకరికి ముందు చెల్లించి మరొకరిని ఎగవేయరాదు.

చిన్న ఆస్తులకు ఇంత తతంగం అక్కరలేదు. కానీ తతంగం లేనప్పుడు ఆ పనులు చేసే బాధ్యత ఎవరో ఒకరు వహించాలి. సాధారణంగా పెద్దకొడుకు పేరున పట్టా మారుతుంది. ఊరి దృష్టిలో అతడే యజమాని అవుతాడు. తల్లి, చెల్లెళ్ళు, అనాథ బిడ్డ కాగితం మీద కనిపించరు. ఈ ప్రమాదాన్ని న్యాయస్థానాలు గుర్తించకపోలేదు. ఒక వారసుడు ఆస్తి మొత్తం తన స్వాధీనంలో ఉంచుకొని, తండ్రి అప్పు తీర్చడానికేనంటూ అమ్మినప్పటికీ, ఆ అమ్మకం తోటి వారసుల వాటాలను కట్టిపడేయదని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి తీర్పు 1917 నాటి లా రిపోర్టులలో ఉన్నది. పట్టా అనేది పన్ను ఎవరు కట్టాలో తెలిపే పత్రమే గాని, తోబుట్టువుల హక్కును రద్దు చేసే పత్రం కాదు. ఒక వారసుని స్వాధీనం అందరి తరపున స్వాధీనంగానే భావించబడుతుంది. అక్కచెల్లెళ్ళ హక్కును బహిరంగంగా నిరాకరించి, వారిని వెలివేసినట్లు రుజువైతే తప్ప కాలదోషం మొదలుకాదు.

మైనరు పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తండ్రి చనిపోతే తల్లి బిడ్డలను పెంచుతుంది గాని, వారి స్థిరాస్తిని అమ్మే అధికారం ఆమెకు సహజంగా లేదని ప్రీవీ కౌన్సిల్ 1918లో చెప్పింది. తండ్రి, అతడు నియమించిన వసీ, తాత, అతడు నియమించిన వసీ మాత్రమే మైనరు ఆస్తికి సహజ సంరక్షకులు. అయితే వసీగా స్త్రీని నియమించకూడదన్న నిషేధం లేదు. కాబట్టి భార్య మీద నమ్మకం గల తండ్రి తన వసీయతులో ఆమెనే వసీగా పేర్కొంటే, అతని తర్వాత ఆమె పిల్లల ఆస్తిని చూసుకొనే అధికారం పొందుతుంది. లేకపోతే సంరక్షకురాలిగా నియమించమని జిల్లా కోర్టును ఆశ్రయించవలసిందే. ఒక్క వాక్యం వ్రాసిపెట్టడం వల్ల ఒక వితంతువుకు ఎన్ని తిప్పలు తప్పుతాయో దీనిని బట్టి ఊహించవచ్చు.

మారిన చట్టం, మారని బాధ్యత

కాలక్రమేణా ప్రొబేటు నిర్బంధం ఇతరులకూ సడలింది. 2002 నాటి సవరణ భారతీయ క్రైస్తవులను దాని నుండి తప్పించింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన రద్దు, సవరణల చట్టం ఆ 213వ సెక్షన్‌నే తొలగించింది. నెల్లూరు తీరం స్వరూపం కూడా మారింది. 1970లో ఒంగోలు ప్రాంతం ప్రకాశం జిల్లాలోకి వెళ్ళింది. 2022లో సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. ఒకనాడు ముస్లిములకు మాత్రమే అంత విస్తృతంగా ఉన్న వెసులుబాటు ఇప్పుడు అందరికీ లభించింది. అందువల్ల ముస్లిముల పాత అనుభవంలోని మంచిచెడ్డలు ఇప్పుడు అందరికీ పనికివచ్చే పాఠాలయ్యాయి.

ఈ చరిత్ర నుండి గ్రహించవలసినది ఒక్కటే. చట్టం ముస్లిములకు ఇచ్చిన మినహాయింపు అనుమతి పొందే అవసరం నుండి మాత్రమే. లెక్క చెప్పే బాధ్యత నుండి కాదు. షరీఅత్ కోర్టు ముద్రను అడగలేదు. కానీ అప్పు తీర్చమన్నది, మహర్ చెల్లించమన్నది, మూడవ వంతు దాటవద్దన్నది, వసీయతు విన్న తర్వాత దానిని మార్చినవారిదే పాపమన్నది, అనాథల సొమ్ము తినేవారిని కఠినంగా హెచ్చరించింది. ఈ ఆదేశాలు పాటించే కుటుంబానికి ప్రొబేటు లేకపోవడం ఒక సౌకర్యం: ఖర్చు తప్పుతుంది, ఏళ్ళ తరబడి తిరుగుడు తప్పుతుంది, మాగాణి ఒక్క పంట కూడా బీడు పడదు. పాటించని కుటుంబంలో అదే సౌకర్యం చెల్లెలి వాటా చడీచప్పుడు లేకుండా అన్న ఖాతాలో కలిసిపోవడానికి దారి ఇస్తుంది.

కనుక తండ్రి మరణానంతరం తహసీల్దారు కార్యాలయానికి పట్టా మార్పు కోసం దరఖాస్తు తీసుకువెళ్ళే ముందు, ఇంట్లోనే ఒక కాగితం మీద వారసులందరి పేర్లు, అప్పులు, మహర్, వసీయతు, ఒక్కొక్కరి వాటా వ్రాసి, అందరికీ చదివి వినిపించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించడం అవసరం. కూతుళ్ళ పేర్లు ఆ దరఖాస్తులో కూడా ఉండాలి. ఎవరైనా తమ వాటాను వదులుకోదలిస్తే, ముందు అది తమ చేతికి వచ్చిన తర్వాతనే, తమ ఇష్టంతో వదులుకోవాలి.